రెసిడెన్సీ గోడ పక్కన పెరిగిన బజారు

హైదరాబాదులో మూసీకి ఉత్తరపు ఒడ్డున, కోఠి చౌరస్తా నుంచి బడీచౌడీ దాకా సాగే ఇరుకు వీధిని, దానికి ఇరువైపులా అల్లుకున్న గల్లీలను కలిపి సుల్తాన్‌బజార్ అంటారు. చీరలు, జాకెట్టు గుడ్డలు, గాజులు, పాత పుస్తకాలు, చాట్, ఇరానీ చాయ్ అన్నీ కాలినడకన చుట్టి రాగలిగినంత మేరలోనే దొరుకుతాయి. పక్కనే ట్రూప్‌బజార్, బ్యాంక్ స్ట్రీట్, పుత్లీబౌలీ, జాంబాగ్ ఉన్నాయి. కాస్త ముందుకు వెళితే మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్ వస్తాయి. ఈ పేటలన్నీ కలిసి దాదాపు ఒక శతాబ్దం పాటు నగరానికి ముఖ్య వ్యాపార కేంద్రంగా ఉన్నాయి. వాటిలో సుల్తాన్‌బజార్ చరిత్ర ప్రత్యేకమైనది. నిజాం రాజధాని మధ్యలో ఉంటూనే ఈ పేట చాలాకాలం నిజాం చట్టానికి వెలుపల నడిచింది. ఇక్కడి వ్యాపారానికీ చదువులకూ సభలకూ ఆ సరిహద్దే ఆధారమైంది.

1591లో పుట్టిన హైదరాబాదు నగరం మూసీకి దక్షిణాన, ప్రాకారం లోపల ఉండేది. 1798లో రెండో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక కంపెనీ ప్రతినిధి హోదా ఒక్కసారిగా పెరిగింది. అప్పటి రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ నది ఉత్తరపు ఒడ్డున పెద్ద భవనం తలపెట్టాడు. స్థలం కోసం అతను నిజాంకు పెద్ద కాగితం మీద గీసిన పటం చూపించాడనీ, అది తన రాజ్యపటం అంత ఉందని నిజాం కాదన్నాడనీ, అదే పటాన్ని చిన్న కాగితం మీద గీసి తెస్తే వెంటనే ఒప్పుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ నమూనాతో 1803 ప్రాంతంలో పని మొదలైంది. ఎత్తైన స్తంభాల వరుస, విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపులా రాతి సింహాలు ఉన్న ఆ భవనంలో కిర్క్‌పాట్రిక్ ఎక్కువకాలం ఉండలేకపోయాడు. 1805లో కలకత్తాలో చనిపోయాడు.

భవనం లేస్తుండగానే దాని ప్రహరీ బయట అంగళ్లు మొదలయ్యాయి. రెసిడెంటు కాపలా దళానికి, మున్షీలకు, వంటవాళ్లకు, గుర్రాల దాణాకు రోజూ సరుకు కావాలి. ఆ అవసరాల మీద బతికే వర్తకులు గోడ పక్కనే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల మీద అధికారం క్రమంగా రెసిడెంటు చేతికి వచ్చింది. పన్నులు, పోలీసు, కోర్టు, పారిశుద్ధ్యం అన్నీ రెసిడెన్సీ కిందే నడిచేవి. ఈ ప్రాంతానికి 'రెసిడెన్సీ బజార్లు' అన్న పేరు స్థిరపడింది. నది దాటి పాతనగరంలో తగాదా వస్తే నిజాం అదాలతుకు వెళ్లాలి, ఇక్కడ వస్తే రెసిడెంటు కచేరీకి వెళ్లాలి. పత్రాల మీద, అప్పుల మీద వ్యాపారం చేసేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. అందుకే గుజరాతీ, మార్వాడీ సాహుకార్లూ పార్సీలూ ఇటువైపు మొగ్గారు. తెలుగు కోమట్లూ మరాఠీ కుటుంబాలూ వచ్చి చేరాయి.

ఆ సాహుకారీలో అందరికన్నా పైకి ఎదిగి, అంతే వేగంగా కూలిపోయిన సంస్థ విలియం పామర్ అండ్ కంపెనీ. కంపెనీ సేనాని కొడుకైన విలియం పామర్ 1814లో దీన్ని ప్రారంభించాడు. గుజరాతీ సాహుకారు బంకటీదాస్ అతని భాగస్వామి. దివాణం వ్యవహారాలు నడిపే చందూలాల్ సైన్యం జీతాల కోసం ఈ సంస్థ దగ్గర అప్పు మీద అప్పు చేశాడు. వడ్డీ నూటికి ఇరవై నాలుగు దాకా పోయింది. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ కుటుంబానికి దగ్గరివాడైన సర్ విలియం రంబోల్డ్ కూడా ఇందులో వాటాదారు కావడంతో చాలాకాలం ఎవరూ నోరు మెదపలేదు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు తీశాడు. పామర్ బాకీ తీర్చడానికి కంపెనీయే నిజాంకు డబ్బు సర్దింది. బదులుగా ఉత్తర సర్కారుల కోసం తాను నిజాంకు ఏటా చెల్లించే పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేయించుకుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు జిల్లాలతో హైదరాబాదు దర్బారుకు మిగిలిన చివరి ఆర్థిక బంధం 1823లో అలా తెగిపోయింది. ఒక బజారులో పుట్టిన అప్పు ఒక ప్రాంతపు రాజకీయ చరిత్రలోకి ఇంత లోతుగా దిగిన సందర్భాలు అరుదు. మరుసటి ఏడాదికి పామర్ సంస్థ దివాలా తీసింది.

బజారు ఇళ్లు గోడకు ఎంత దగ్గరగా ఉండేవో 1857 జులై 17న తెలిసింది. రెసిడెన్సీలో బంధించిన జమేదారు చీదా ఖాన్‌ను విడిపించాలంటూ మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో వందలాది రోహిల్లాలు, నగరవాసులు వచ్చారు. పుత్లీబౌలీ వైపున అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ అనే సాహుకార్ల ఇళ్లు రెసిడెన్సీ తోటకు ఎదురుగా ఉండేవి. దాడికి దిగినవారు ఆ ఇళ్లలోకి చేరి అక్కడి నుంచి కాల్పులు జరిపారు. తెల్లవారేసరికి ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859లో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. దాడి తరవాత రెసిడెన్సీ గోడలను బలపరిచారు. ఇప్పుడు కోఠిలో ఒక రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరు ఉంది, బస్టాండు దగ్గర స్మారక స్తంభం ఉంది. రద్దీలో ఆ స్తంభం వైపు చూసేవాళ్లు తక్కువ. నగరం ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవలసిన గుర్తు అది.

పంతొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో బజారు స్థిమితపడింది. 1865లో ఇక్కడ గడియార స్తంభం కట్టారు. కలకత్తా నుంచి నడిచే బ్యాంక్ ఆఫ్ బెంగాల్ 1868లో హైదరాబాదు శాఖ తెరిచింది. రైళ్లు వచ్చాక బొంబాయి, మద్రాసు సరుకు నేరుగా దిగసాగింది.

ఆ రోజుల్లో ఈ బజారులో డబ్బు లెక్కే ఒక విద్య. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, దాన్ని హాలీ సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. రెండూ ఒకే పేటలో చేతులు మారేవి. మారకం ధర కుదుటపడ్డాక నూరు కల్దార్ రూపాయలకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసల హాలీ సిక్కా ఇచ్చేవారు. అంటే ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. బొంబాయి నుంచి వచ్చిన తాను గుడ్డకు టోకు వర్తకుడు కల్దార్‌లో చెల్లించాలి. దాన్నే గజాల లెక్కన కొనే ఇల్లాలు హాలీలో ఇస్తుంది. గజం ధర చెప్పే ప్రతిసారీ ఆరూ ఏడూ లెక్క మనసులో కట్టుకోలేని గుమాస్తా దుకాణంలో నిలవలేడు. కాగితం, కలం అక్కర్లేకుండా అణాలూ పైసలతో సహా మారకం చెప్పగలిగిన వాళ్లకు గిరాకీ ఉండేది. దివాణం 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించి, మరుసటి ఏడాది గన్‌ఫౌండ్రీలో మొదటి శాఖ తెరిచింది. హాలీ సిక్కా వ్యవహారాలన్నీ దాని చేతికి వచ్చాయి. సంస్థానం భారతదేశంలో కలిశాక 1950ల్లో హాలీ సిక్కా చలామణీ నుంచి తప్పుకుంది, దానితోపాటు ఆ మారకం విద్యా పోయింది.

సరిహద్దు వల్ల వ్యాపారులకు కలిగిన సౌలభ్యం చదువుకున్నవారికీ దక్కింది. నిజాం ఏలుబడిలో సభ పెట్టాలన్నా పత్రిక నడపాలన్నా అనుమతులు కావాలి. తరవాతి కాలంలో గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులు ఆ పట్టును మరీ బిగించాయి. రెసిడెన్సీ హద్దులో ఈ ఒత్తిడి తక్కువ. ఆర్యసమాజం 1892లో ఇక్కడ నెలకొంది. తెలుగువారికి అంతకన్నా ముఖ్యమైన ఘట్టం 1901 సెప్టెంబరు 1న జరిగింది. రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు అందులో ముందున్నారు. రాజభాష ఉర్దూ. దర్బారులో, కచేరీలో, బడిలో తెలుగుకు చోటు లేదు. అలాంటి రాజధానిలో తెలుగు పుస్తకాలు చదువుకోవడానికి ఒక గది ఏర్పడటమే పెద్ద మార్పు. 1906లో లక్ష్మణరావు, ఆయన మిత్రులు ఈ నగరంలోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని మొదలుపెట్టారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర దాని తొలి ప్రచురణ. మండలి రెండేళ్లకు మద్రాసుకు తరలింది, గ్రంథాలయం మాత్రం బజారులోనే ఉండిపోయింది. రంగారావు మరణించాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఆర్థికంగా తోడ్పడ్డారు. 1921లో నిలయానికి సొంత భవనం వచ్చింది.

ఆ ఏడాదే నవంబరులో, దగ్గరలోని వివేకవర్ధని పాఠశాల నాటకశాలలో సంఘ సంస్కార సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో కొందరు అల్లరి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు టేకుమాల రంగారావు ఇంట్లో కలిసి ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పరిచారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటివారు అందులో ఉన్నారు. తొమ్మిదేళ్లకు 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడి నుంచి తెలంగాణ రాజకీయమంతా పెరిగింది. ఇంత దూరం సాగిన ఉద్యమం ఒక వ్యాపార కేంద్రం పక్క సందుల్లో మొదలవడం కాకతాళీయంగా జరగలేదు. వకీళ్లు ఉండేది అక్కడే, అద్దె గదులు దొరికేది అక్కడే, రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నా కొత్వాలు మనుషులు తలుపు తట్టనిదీ అక్కడే.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద నది ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ తదితర పేటలను తుడిచిపెట్టింది. వరదల నివారణకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, రోడ్లు వెడల్పు చేసి కొత్త అంగళ్లు కట్టడం మొదలుపెట్టింది. జాంబాగ్ పక్కన 1935లో పూర్తయిన మొజంజాహీ మార్కెట్ ఈ కృషి ఫలమే. ఏడో నిజాం రెండో కుమారుడి పేరు పెట్టిన ఈ రాతి కట్టడం త్రికోణాకారపు స్థలంలో, గడియార గోపురంతో నిలిచింది. నగరానికి పండ్లన్నీ ఇక్కడికే వచ్చేవి. 1980ల్లో పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు వెళ్లిపోయింది. పండ్లతో చేసే ఐస్‌క్రీం దుకాణాలు మాత్రం ఉండిపోయాయి, వేసవి రాత్రుల్లో సీతాఫలం, మామిడి ఐస్‌క్రీం కోసం జనం ఇప్పటికీ వస్తారు. ఆబిడ్స్ పేరు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ తెరిచిన దుకాణం నుంచి వచ్చింది. దేశవిభజన తరవాత సింధీ కుటుంబాలు ఈ ప్రాంతంలో దుకాణాలు పెట్టాయి. మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో మొదలైన కరాచీ బేకరీ వాటిలో బాగా ప్రసిద్ధి పొందింది.

1933లో బ్రిటిష్ ప్రభుత్వం రెసిడెన్సీ బజార్లను నిజాంకు తిరిగి అప్పగించింది. సుల్తాన్‌బజార్ అన్న పేరు అప్పుడు వచ్చింది. సరిహద్దు పోయినా బజారు పలచబడలేదు. నూరేళ్లకు పైగా కుదిరిన ఖాతాలు, అరువులు, వచ్చిపోయే అలవాట్లు చట్టం మారినంత మాత్రాన మారవు. అసలు మలుపు 1949లో వచ్చింది. రెసిడెంటు లేని రెసిడెన్సీ భవనంలోకి 1924లో స్థాపించిన మహిళా కళాశాల మారింది. ఒకప్పుడు సిపాయిల కాపలా ఉన్న ద్వారం గుండా రోజూ వందలాది అమ్మాయిలు రాకపోకలు సాగించసాగారు. వాళ్లు కొనే గుడ్డలు, గాజులు, చెప్పులు, నోటు పుస్తకాలు ఎదుటి వీధి దుకాణాలను మార్చేశాయి. సుల్తాన్‌బజార్ ఈనాటికీ ప్రధానంగా ఆడవాళ్ల బజారుగా ఉండటానికి ఈ పొరుగే పెద్ద కారణమని చెప్పాలి.

ఈ బజారు పనితనం చూడాలంటే మ్యాచింగ్ సెంటర్ ముందు నిలబడాలి. గోడ అంతా అరలు, అరల నిండా నిలువుగా పేర్చిన గుడ్డ తాన్లు. ఒక్క ఎరుపుకే కుంకుమ, మిరపపండు, ఇటుక, దానిమ్మ, మెరూన్ అంటూ వరసగా ఛాయలు. వచ్చినామె సంచిలోంచి చీర తీసి బల్ల మీద పరుస్తుంది. అమ్మకందారు చీర అంచు, కొంగు, ఒంటిరంగు మూడూ చూసి వెనక్కి తిరిగి రెండు మూడు తాన్లు లాగుతాడు. దీపం వెలుతురులో రంగు మోసం చేస్తుంది కాబట్టి చీరనూ తాన్‌నూ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. కుదిరితే ఎనభై సెంటీమీటర్లో మీటరో కొలిచి, అంచున చిన్న గాటు పెట్టి, సర్రున చింపుతాడు. లైనింగ్ గుడ్డ, ఫాల్ అక్కడే. ఫాల్ కుట్టి పీకో చేసేవాళ్లు అదే గల్లీలో మిషన్లు పెట్టుకుని ఉంటారు. కొత్త కుర్రాడికి మొదట కత్తెర ఇవ్వరు. నెలల తరబడి తాన్లు మడతపెట్టి అరల్లో సర్దాక, ఏ ఛాయ ఏ అరలో ఉందో చూడకుండా అందుకోగలిగాక కొలత నేర్పుతారు. పొద్దున వచ్చిన మొదటి గిరాకీని బోణీ పేరుతో ఖాళీ చేతులతో పంపరు, అందుకని బేరం తెలిసినవాళ్లు తొందరగా వస్తారు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, అందుకే తగ్గింపు అమ్మకాలు పెట్టి సరుకు ఖాళీ చేస్తారు. శ్రావణానికి కొత్త నిల్వలు వస్తాయి.

గుడ్డ తరవాత పుస్తకం. మహిళా కళాశాల ప్రహరీ, ఉస్మానియా వైద్య కళాశాల ఉన్న చోట పాఠ్యపుస్తకాల గిరాకీ దానంతటదే పుట్టింది. కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో వైద్యం, ఇంజనీరింగ్, న్యాయశాస్త్రం, పోటీ పరీక్షల పుస్తకాలు నేల నుంచి పైకప్పు దాకా దొంతరలుగా ఉంటాయి. పేరు చెబితే చాలు, ఎన్నో ముద్రణ కావాలని అడిగి దొంతర మధ్యలోంచి పక్కవి కూలకుండా లాగి ఇస్తారు. పరీక్షలయ్యాక తిరిగి తెస్తే సుమారు సగం ధరకు తీసుకోవడం ఇక్కడి మర్యాద. ఒకే పుస్తకం నలుగురైదుగురు విద్యార్థుల అండర్‌లైన్లతో చేతులు మారుతుంది. జిల్లాల నుంచి వచ్చి చదువుకున్న పేద విద్యార్థుల తరాలు ఈ దుకాణాలకు రుణపడి ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ దుకాణాలు మూతబడ్డాక వాటి ముందు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాలది మరో లోకం. తూకానికి వచ్చిన వాటిలోంచి ఏరిన నవలలు, నిఘంటువులు, ఉర్దూ దీవాన్లు, తెలుగు వారపత్రికల పాత సంచికలు అక్కడ బయటపడతాయి.

ఇంతసేపు తిరిగినవాళ్లు కూర్చోవడానికి ఇరానీ హోటళ్లు ఉండేవి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవారు నాలుగు రోడ్ల కూడళ్లలో వీటిని తెరిచారు. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. డికాక్షన్‌ను మూత బిగించి సన్నని సెగ మీద గంటల కొద్దీ దమ్ పెడతారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా మరుగుతాయి. అడిగినప్పుడు కప్పులో రెండూ కలుపుతారు. ఉస్మానియా బిస్కెట్ ఉప్పగా తియ్యగా ఉండి ఆ చాయ్‌కి సరిగ్గా సరిపోతుంది. ఒక్క కప్పుతో గంట కూర్చున్నా లెమ్మనేవారు కాదు. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ ఉన్నన్నాళ్లూ మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, కార్మిక నాయకులు, పత్రికా రచయితలు దాన్ని తమ కొలువుగా చేసుకున్నారు. అది మూతపడింది. మూలమలుపు స్థలాల విలువ పెరిగిన కొద్దీ అటువంటివి మరెన్నో బట్టల దుకాణాలకూ మందుల షాపులకూ చోటిచ్చాయి. చౌకగా, నిదానంగా కూర్చునే చోటు నగర మధ్యంలో తగ్గిపోవడం నిజమైన నష్టం.

2007 ఆగస్టు 25 సాయంత్రం కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలి అనేకమంది మరణించారు. చాట్ తినడానికి వచ్చిన విద్యార్థులు, కుటుంబాలు అందులో ఉన్నారు. దుకాణం మళ్లీ తెరిచారు, జనం మళ్లీ వచ్చారు.

ఆ తరవాతి దశాబ్దంలో బజారును కలవరపెట్టింది మెట్రో రైలు. వీధి ఇరుకు, మార్గం సరిగ్గా దాని మీదుగా పోతుంది. దుకాణాలు పోతాయని వర్తకులు ఏళ్ల తరబడి బంద్‌లు, ధర్నాలు చేశారు. దారి మళ్లించాలన్న ప్రతిపాదనలు వచ్చి వెనక్కి పోయాయి. చివరికి కొన్ని దుకాణాల ముందుభాగాలు తొలగించి స్తంభాలు నిలిపారు. 2018లో ఉస్మానియా వైద్య కళాశాల స్టేషన్, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ మార్గంతోపాటు సుల్తాన్‌బజార్ స్టేషన్ ప్రారంభమయ్యాయి. వీధికి పైన కప్పులా వయాడక్ట్ వచ్చింది. దాంతో గుమ్మంలో చీర రంగు చూసుకునే ఎండ చాలా దుకాణాలకు తగ్గింది. మరోవైపు, కొనుగోలుకు వచ్చేవాళ్లకు పార్కింగ్ బాధ తప్పింది.

పాడుబడుతూ వచ్చిన రెసిడెన్సీ భవనాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో బాగుచేసి 2023లో సందర్శకులకు తెరిచారు. అంతకు ముందే మొజంజాహీ మార్కెట్ రాతిగోడలను శుభ్రం చేసి 2020లో కొత్త రూపు ఇచ్చారు. వీటి మధ్య ఉన్న సుల్తాన్‌బజార్ పాత ఇళ్లకు, చెక్క వసారాలకు, కింద దుకాణం పైన కాపురం ఉండే కట్టుబడికి ఇలాంటి సంరక్షణ అందలేదు. అమ్ముడైన ప్రతి పాత ఇంటి స్థానంలో అద్దాల అంతస్తులు లేస్తున్నాయి. వాటి కింది అరల్లో మాత్రం మళ్లీ చీరలు, గాజులు, గుడ్డ తాన్లే నిండుతున్నాయి.